కెర్నెల్ కూర్పులో ఒక ప్రశ్న: నడుస్తుండగా మార్చే విస్తరణ కార్డుల చరిత్ర

వ్యాససంగ్రహం

కంప్యూటర్ నడుస్తుండగానే విస్తరణ కార్డును పెట్టడం, తీయడం నేడు సాధారణ విషయం. ఇందుకోసం ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను వినియోగదారు ప్రత్యేకంగా సిద్ధం చేసుకోనవసరం లేదు. 1990లలో పరిస్థితి వేరు. అప్పుడు అది కెర్నెల్‌ను కూర్చేవారు విడిగా ఆలోచించి, ‘అవును’ లేదా ‘కాదు’ అని సమాధానం చెప్పవలసిన ప్రశ్న. ఈ వ్యాసం యూనిక్స్ సంప్రదాయానికి చెందిన కెర్నెల్ కూర్పు ఫైళ్లను చారిత్రక ఆధారాలుగా స్వీకరిస్తుంది. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ కెర్నెళ్లలో ఆ ప్రశ్న ఎట్లా పుట్టిందో, ఎట్లా స్థిరపడిందో, లినక్స్‌లో 2013 నాటికి ఎట్లా అదృశ్యమైందో పరిశీలిస్తుంది. యంత్రాన్ని స్థిరమైన భాగాల జాబితాగా చూసిన దృష్టి, మారుతూ ఉండే సమూహంగా చూసే దృష్టికి చోటిచ్చిన క్రమం ఈ పరిశీలనలో వెల్లడవుతుంది.

కీలకపదాలు: కెర్నెల్, కూర్పు ఫైలు, పీసీ కార్డు, కార్డ్‌బస్, హాట్‌ప్లగ్, లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, డ్రైవర్

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ల చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగానో, వాటిని నిర్మించిన వ్యక్తుల, సంస్థల చరిత్రగానో రాస్తుంటారు. సాఫ్ట్‌వేర్ లోపల పాతుకొని ఉన్న భావనలు కాలక్రమంలో ఎట్లా మారాయన్న అంశం పరిశీలనకు వచ్చిన సందర్భాలు తక్కువ. అటువంటి మార్పును గుర్తించడానికి కెర్నెల్ కూర్పు ఫైలు మంచి ఆధారం.

కెర్నెల్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగం. ప్రాసెసర్‌ను, మెమరీని, పరికరాలను ప్రోగ్రాములకు పంచి ఇచ్చేది అదే. ఒక కెర్నెల్‌లో ఏయే భాగాలు ఉండాలో, ఏయే పరికరాలకు డ్రైవర్లు చేరాలో నిర్ణయించే ప్రక్రియ కాన్ఫిగరేషన్. దీన్ని ఈ వ్యాసంలో ‘కూర్పు’ అని వ్యవహరిస్తున్నాం. ఈ నిర్ణయాలను నమోదు చేసే పాఠ్యమే కూర్పు ఫైలు.

దానశాసనం ఎవరికి ఏ భూమి ఇచ్చారో చెప్పడానికి చెక్కినది. అయినా పొలిమేరలు చెప్పే పంక్తుల్లో ఆనాటి చెరువులు, కాలువలు, దారులు పరిశోధకుడికి దొరుకుతాయి. కూర్పు ఫైలు విషయంలోనూ ఇదే జరుగుతుంది. దాన్ని రాసినవారి ఉద్దేశం చరిత్ర చెప్పడం కాదు. కాని యంత్రం అంటే ఏమిటని వారు భావించారో అందులోని ఒక్కొక్క పంక్తి బయటపెడుతుంది.

ఈ పరిశీలనకు ల్యాప్‌టాప్‌లలో వాడిన పీసీ కార్డును ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాం. యంత్రాన్ని ఆపకుండా విస్తరణ కార్డును మార్చుకునే సౌకర్యం సామాన్య వినియోగదారుకు విస్తృతంగా అందింది ఈ కార్డుతోనే. మూలపాఠం బహిరంగంగా లభించే లినక్స్, ఫ్రీబీఎస్‌డీ కెర్నెళ్లకు పరిశీలన పరిమితం.

2. స్థిరయంత్ర భావన

1975లో వెలువడిన యూనిక్స్ ఆరవ కూర్పులో కెర్నెల్ సిద్ధం చేయడానికి ‘ఎమ్‌కే‌కాన్ఫ్’ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. యంత్రానికి ఉన్న డిస్కులు, టేపులు, టెర్మినళ్ల పేర్లను వరుసగా అందిస్తే, అది డ్రైవర్ల పట్టికలున్న మూలపాఠాన్ని తయారుచేసేది. దాన్ని కెర్నెల్‌తో కలిపి సంకలనం చేసేవారు. కొత్త పరికరం వస్తే కెర్నెల్‌ను మళ్లీ నిర్మించాలి. ఈ ఏర్పాటులో యంత్రం గురించిన జ్ఞానం అంతా మనిషి దగ్గర ఉంది. కెర్నెల్‌కు అది ముందే చెప్పి ఉంచిన సంగతి మాత్రమే.

1981 నాటి 4.1బీఎస్‌డీ ఈ పద్ధతిని కొంత సడలించింది. వ్యాక్స్ యంత్రాలపై నడిచే ఈ వ్యవస్థలో కెర్నెల్ బూట్ అయ్యేటప్పుడు తానే పరికరాలను వెతికేది. దీనికి స్వయంకూర్పు అని పేరు పెట్టవచ్చు. కూర్పు ఫైలులో ఒక డిస్కు ఏ బస్సుకు తగిలించి ఉందో ఖచ్చితంగా చెప్పే బదులు, ఆ బస్సు పేరు పక్కన ప్రశ్నార్థకం రాయడానికి వీలు కలిగింది. ‘ఈ రకం డిస్కు ఎక్కడో ఒకచోట ఉండవచ్చు, వెతికి చూడు’ అని దాని అర్థం. యంత్రం గురించి మనిషికి తెలియనిది కొంత ఉండవచ్చునని ఈ ప్రశ్నార్థకం కూర్పు ఫైలులోనే అంగీకరించింది. తరువాతి కాలంలో ఫ్రీబీఎస్‌డీ కూర్పు ఫైళ్లలో ఐఎస్ఏ బస్సు పేరు పక్కన కనిపించే ప్రశ్నార్థకం ఈ సంప్రదాయం నుంచి వచ్చినదే.

అయితే ఈ సడలింపుకు ఒక హద్దు ఉంది. వెతుకులాట బూట్ సమయంలో ఒక్కసారే జరుగుతుంది. ఆ కాలపు బీఎస్‌డీలో యూనిబస్ డ్రైవర్ తనను తాను కెర్నెల్‌కు పరిచయం చేసుకునే నిర్మాణంలో పరికరం ఉందో లేదో పరీక్షించే క్రియ ఉంది, దొరికిన పరికరాన్ని తగిలించుకునే క్రియ ఉంది. వదిలించుకునే క్రియ మాత్రం లేదు. ఇది పొరపాటున జరిగిన లోపం కాదు. గది నిండా ఉండే యంత్రంలో కార్డును తీయాలంటే విద్యుత్తు ఆపాలి. విద్యుత్తు ఆగితే కెర్నెల్ కూడా ఆగుతుంది. కాబట్టి పరికరం పోయిందన్న వార్తను కెర్నెల్ వినవలసిన సందర్భమే లేదు. యంత్రం స్థిరమన్న భావన ఆనాటి వాస్తవానికి సరిగ్గా సరిపోయింది.

3. పీసీ కార్డు రాక

1980ల చివరలో చిన్న, సులభంగా మోసుకుపోగల కంప్యూటర్లు పెరిగాయి. వాటిలో పెద్ద విస్తరణ కార్డులకు చోటు లేదు. ఆ కాలంలోనే జపాన్‌లో జైడా అనే పరిశ్రమ సంఘం మెమరీ కార్డుల ప్రమాణంపై కృషి చేసింది. 1989లో అమెరికాలో పీసీఎంసీఐఏ అనే సంఘం ఏర్పడింది. రెండు సంఘాల సహకారంతో 68 పిన్నుల కార్డుకు 1990లో తొలి ప్రమాణం వెలువడింది. అది మెమరీ కార్డుల కోసమే. 1991లో వచ్చిన రెండో విడుదల ఇన్‌పుట్, అవుట్‌పుట్ కార్డులను కూడా చేర్చింది. ఆ తరువాత అదే చిన్న గాడిలో మోడెం, నెట్‌వర్క్ కార్డు, డిస్కు వంటివి ఇమిడాయి. కార్డు పొడవు 85.6 మిల్లీమీటర్లు, వెడల్పు 54 మిల్లీమీటర్లు. మందాన్ని బట్టి 3.3, 5, 10.5 మిల్లీమీటర్ల మూడు రకాలు ఉండేవి. 1995లో ప్రమాణానికి పీసీ కార్డు అన్న పేరు స్థిరపడింది. పీసీఐ బస్సు పద్ధతిని అనుసరించే 32 బిట్ల కార్డ్‌బస్ అప్పుడే అందులో చేరింది.

ఈ ప్రమాణంలో రెండు అంశాలు మన పరిశీలనకు ముఖ్యం. మొదటిది పిన్నుల నిడివి. గాడిలోని పిన్నులన్నీ ఒకే పొడవు ఉండవు. విద్యుత్తు, భూసంధానం ఇచ్చేవి అన్నింటికంటే పొడవు. సంకేతాలు మోసేవి మధ్యస్థం. కార్డు ఉనికిని తెలిపే రెండు పిన్నులు అన్నింటికంటే పొట్టి. కాబట్టి కార్డును దూర్చినప్పుడు ఉనికి చివరగా తెలుస్తుంది, లాగినప్పుడు ముందుగా పోతుంది. ఉనికి పిన్నులు విడిపోయిన క్షణానికీ విద్యుత్తు తెగిన క్షణానికీ మధ్య ఉన్న స్వల్ప వ్యవధిలోనే నియంత్రకం వార్త అందుకోవాలి. ‘తీయడం’ అనే క్రియను లోహపు పిన్నుల కొలతల్లోనే ఈ ప్రమాణం గుర్తించింది.

రెండో అంశం కార్డు తన గురించి తానే చెప్పుకోవడం. ప్రతి కార్డులోనూ ఒక సమాచార నిర్మాణం ఉంటుంది. తయారీదారు ఎవరు, కార్డు ఏ పని చేస్తుంది, దానికి ఎటువంటి పోర్టులు, ఇంటరప్టులు కావాలి అన్న వివరాలు చిన్న చిన్న నమోదుల గొలుసుగా అందులో ఉంటాయి. పాత ఐఎస్ఏ కార్డు విషయంలో ఇంటరప్టు సంఖ్యను జంపర్లతో అమర్చి, అదే సంఖ్యను కూర్పు ఫైలులో రాయవలసి వచ్చేది. పీసీ కార్డు తన అవసరాన్ని చెబుతుంది, వ్యవస్థ ఖాళీగా ఉన్నదాన్ని కేటాయిస్తుంది.

ఆ విధంగా, యంత్రంలో ఏముందో మనిషి ముందే రాసి ఇచ్చే పద్ధతికి హార్డ్‌వేర్ వైపు నుంచి అవసరం తీరింది. కెర్నెళ్లు మాత్రం ఇంకా స్థిరయంత్ర భావనతోనే ఉన్నాయి. ఈ ఎడం పూడ్చడానికి సుమారు రెండు దశాబ్దాలు పట్టింది.

4. లినక్స్: కెర్నెల్ వెలుపలి పరిష్కారం

లినక్స్‌లో పీసీ కార్డుల మద్దతు మొదట కెర్నెల్‌లో భాగంగా రాలేదు. డేవిడ్ హైండ్స్ అభివృద్ధి చేసిన ‘పీసీఎంసీఐఏ-సీఎస్’ అనే ప్యాకేజీ రూపంలో విడిగా వచ్చింది. నడుస్తున్న కెర్నెల్‌కు మాడ్యూళ్లను చేర్చే సౌకర్యం 1995 మార్చిలో విడుదలైన లినక్స్ 1.2 నాటికి ఏర్పడి ఉండటం దీనికి ఆధారమైంది. కార్డు వచ్చినప్పుడు డ్రైవర్‌ను చేర్చి, పోయినప్పుడు తొలగించడం మాడ్యూళ్ల వల్లనే సాధ్యం.

ఈ ప్యాకేజీ వాడదలచినవారు ముందు తమ కెర్నెల్‌ను తగిన విధంగా కూర్చుకోవాలి. మాడ్యూళ్ల మద్దతు ఉండాలి. నెట్‌వర్క్ కార్డు వాడాలంటే నెట్‌వర్క్ మద్దతు, కార్డ్‌బస్ వాడాలంటే పీసీఐ మద్దతు చేర్చాలి. ఆ తరువాత అదే కెర్నెల్ మూలపాఠాన్ని ఆధారంగా చేసుకొని ప్యాకేజీని సంకలనం చేయాలి. కెర్నెల్ మారితే ఈ పని మళ్లీ మొదలు.

నిర్మాణంలో మూడు అంతస్తులు కనిపిస్తాయి. అట్టడుగున ఇంటెల్ 82365ఎస్ఎల్ వంటి నియంత్రకంతో మాట్లాడే డ్రైవర్ ఉంటుంది. దానిపైన కార్డులకు వనరులు పంచే కార్డు సేవల భాగం ఉంటుంది. అన్నింటిపైన, కెర్నెల్ వెలుపల, ‘కార్డ్ మేనేజర్’ అనే ప్రోగ్రాం నేపథ్యంలో నడుస్తూ ఉంటుంది. కార్డు వచ్చిన వార్త అందగానే అది కార్డు చెప్పిన వివరాలను తన జాబితా ఫైలుతో పోల్చి, తగిన మాడ్యూల్‌ను చేర్పిస్తుంది. తరువాత నెట్‌వర్క్‌ను అమర్చే స్క్రిప్టును నడుపుతుంది. కార్డును గుర్తించినప్పుడు ఒక ‘బీప్’, అమరిక పూర్తయినప్పుడు మరొకటి వినిపించేది. ఏదైనా విఫలమైతే రెండో శబ్దం మంద్రంగా వచ్చేది. తెరపై ఏ సందేశమూ లేకపోయినా వ్యవస్థ స్థితి చెవికి తెలిసేది.

ఈ ఏర్పాటులో వనరుల ఫైలు ప్రత్యేకంగా పేర్కొనదగినది. కార్డులకు ఏ పోర్టుల పరిధి, ఏ మెమరీ పరిధి వాడవచ్చో, ఏ ఇంటరప్టులను విడిచిపెట్టాలో అందులో రాయాలి. పీసీలో ఉన్న 16 ఇంటరప్టు మార్గాల్లో గడియారం, కీబోర్డు, డిస్కు వంటివి వాడుకోగా మిగిలేవి కొన్నే. చేర్చకూడని పరిధిని చేరిస్తే, దాన్ని పరీక్షించే సమయంలోనే యంత్రం స్తంభించిపోవచ్చు. కార్డు తన అవసరాలు తాను చెప్పుకోగలిగినా, దాని చుట్టూ ఉన్న పాత పరికరాలు తమ గురించి చెప్పుకోలేవు. అందువల్ల మనిషి రాసి ఇవ్వవలసిన జాబితా పూర్తిగా పోలేదు. ‘ఏమేమి ఉన్నాయి’ అన్న జాబితా స్థానంలో ‘వేటిని తాకకూడదు’ అన్న జాబితా వచ్చింది.

5. ఫ్రీబీఎస్‌డీ: రెండు తరాల కూర్పు

ఫ్రీబీఎస్‌డీలో ఈ కృషికి ఊపునిచ్చినవారిలో జపాన్ వినియోగదారులు ముఖ్యులు. తత్సుమి హొసొకావా ఆధ్వర్యంలో ‘పీఏఓ’ అనే ల్యాప్‌టాప్ ప్యాకేజీ 1990లలో వెలువడింది. అది కెర్నెల్ మూలపాఠంపై వేసుకునే సవరణల సమాహారం. ల్యాప్‌టాప్ వాడేవారు ప్రధాన కెర్నెల్‌కు ఈ సవరణలు చేర్చి, తిరిగి నిర్మించుకునేవారు. లినక్స్‌లో వలెనే ఇక్కడ కూడా పరిష్కారం కెర్నెల్ ప్రధాన స్రవంతికి పక్కన పుట్టింది.

ప్రధాన ఫ్రీబీఎస్‌డీలో ఉన్న తొలితరం ఏర్పాటును తరువాత ‘ఓల్డ్‌కార్డ్’ అన్నారు. 2000 మార్చిలో వచ్చిన 4.0 విడుదల సామాన్య కూర్పు ఫైలులో దీనికి ఒక పంక్తి కార్డు బస్సు కోసం, మరికొన్ని పంక్తులు నియంత్రకం కోసం ఉండేవి. నియంత్రకం పంక్తిలో పోర్టు చిరునామా, మెమరీ చిరునామా అంకెల్లో రాసి ఉండేవి. అంటే వచ్చిపోయే కార్డులను చూసుకోవలసిన నియంత్రకాన్ని స్థిరపరికరంగానే ప్రకటించారు. మార్పును స్థిరత్వపు భాషలో రాయవలసి వచ్చిన సంధికాలం ఆ పంక్తిలో కనిపిస్తుంది.

కార్డును గుర్తించే పని కెర్నెల్ వెలుపల నడిచే ‘పీసీకార్డ్‌డీ’ ప్రోగ్రాంది. కార్డు తయారీదారు పేరు, నమూనా పేరు, దానికి తగిన డ్రైవర్, పెట్టినప్పుడు నడపవలసిన ఆదేశం, తీసినప్పుడు నడపవలసిన ఆదేశం ఒక ఫైలులో ఉండేవి. జాబితాలో లేని కార్డు కొన్నవారు, దాని డ్రైవర్ కెర్నెల్‌లో ఉన్నప్పటికీ, తామే ఆ ఫైలులో నమోదు రాసుకోవాలి. పైగా ఓల్డ్‌కార్డ్ 16 బిట్ల కార్డులకే పరిమితం. 32 బిట్ల కార్డ్‌బస్ కార్డులు దానికి అందలేదు.

రెండో తరం ‘న్యూకార్డ్’ 2003 జనవరిలో మొదలైన ఫ్రీబీఎస్‌డీ 5 శ్రేణితో ముందుకు వచ్చింది. దీని వెనుక వార్నర్ లాష్ కృషి ప్రధానమైనది. ఇక్కడ కూర్పు ఫైలులో మూడు పంక్తులు చాలు. ఒకటి కార్డ్‌బస్ వంతెనకు, ఒకటి 16 బిట్ల పీసీ కార్డు బస్సుకు, ఒకటి 32 బిట్ల కార్డ్‌బస్‌కు. వాటిలో చిరునామాలు లేవు, అంకెలు లేవు. ఏ డ్రైవర్ ఏ కార్డులకు తగినదో చెప్పే జాబితా వినియోగదారు ఫైలు నుంచి డ్రైవర్‌లోకే మారింది. కార్డు వచ్చాక చేయవలసిన పనులను మాత్రం 5.0తో వచ్చిన ‘డెవ్‌డీ’ అనే ప్రోగ్రాం కెర్నెల్ వెలుపల చూసుకుంటుంది.

ఈ మార్పుకు పునాది 4.0 నాటికి స్థిరపడిన ‘న్యూబస్’ అనే డ్రైవర్ల చట్రం. అందులో పరీక్షించడం, తగిలించుకోవడం అన్న పాత క్రియల సరసన వదిలించుకోవడం అన్న క్రియ కూడా ఉంది. 4.1బీఎస్‌డీ నాటి డ్రైవర్ నిర్మాణంలో కనిపించని క్రియ సుమారు 2 దశాబ్దాల తరువాత అదే వంశానికి చెందిన కెర్నెల్‌లో తన స్థానం పొందింది.

6. తీయడం ఎందుకు కష్టం

కార్డును పెట్టడం కంటే తీయడం కెర్నెల్‌కు ఎక్కువ కష్టం. పెట్టేటప్పుడు కెర్నెల్‌కు వ్యవధి ఉంటుంది. వనరులు సిద్ధమయ్యే వరకు కార్డును వాడకుండా ఆగవచ్చు. తీసేటప్పుడు ఆ వ్యవధి లేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో కార్డును బయటికి తోసే మీట పూర్తిగా యాంత్రికమైనది. దాన్ని నొక్కే ముందు కెర్నెల్ అనుమతి ఎవరూ అడగరు.

అప్పుడు ఏం జరుగుతుంది? డ్రైవర్ కార్డులోని ఒక రిజిస్టర్‌ను చదవబోతుంది. జవాబు చెప్పే పరికరం అక్కడ లేదు. పీసీ బస్సులపై ఇటువంటి చదువుకు సాధారణంగా అన్ని బిట్లూ 1గా ఉన్న విలువ వస్తుంది. ఇంటరప్టు స్థితి తెలిపే రిజిస్టర్‌లో ప్రతి బిట్టుకూ ‘ఒక పని పెండింగులో ఉంది’ అని అర్థం. అన్ని బిట్లూ 1 అయితే, చేయవలసిన పనులన్నీ ఒకేసారి వచ్చినట్లు డ్రైవర్ భావిస్తుంది. వాటిని పూర్తిచేసి మళ్లీ చదువుతుంది, మళ్లీ అదే విలువ. పనులు తీరే వరకు తిరిగేలా రాసిన డ్రైవర్ ఆ వలయం నుంచి బయటపడదు, యంత్రం స్తంభిస్తుంది. డ్రైవర్ రాసినవారు తప్పు చేయలేదు. పరికరం ఎప్పుడూ ఉంటుందన్న భావనతో రాశారు, అంతే. ఈ చిక్కును నివారించడానికి డ్రైవర్లలో ‘పరికరం ఇంకా ఉందా’ అన్న పరీక్ష చేర్చవలసి వచ్చింది. ఒక్కొక్క డ్రైవర్‌నూ తెరిచి చేయవలసిన మరమ్మతు ఇది.

డిస్కుగా పనిచేసే కార్డుల విషయంలో మరో ప్రమాదం ఉంది. రాయమని చెప్పిన దత్తాంశాన్ని కెర్నెల్ కొంతసేపు మెమరీలో ఉంచుకొని, తీరిక దొరికినప్పుడు డిస్కుకు పంపుతుంది. ఆ లోపు కార్డును లాగేస్తే వినియోగదారు రాసుకున్నది పోతుంది, ఫైళ్ల వ్యవస్థ చెడిపోవచ్చు. అందుకే ముందు డిస్కును విడిపించి, కార్డును నిలిపివేసే ఆదేశమిచ్చి, ఆ తరువాతనే తీయాలన్న నియమం ఏర్పడింది. లినక్స్‌లో ‘కార్డ్ కంట్రోల్’ ఆదేశం ఇందుకు ఉపయోగపడేది. ఈ నియమాన్ని పాటించడం మాత్రం మనిషి చేతిలోనే ఉంది.

సర్వర్లలో ఇదే సమస్యను మరో విధంగా పరిష్కరించారు. 1997లో వెలువడిన పీసీఐ హాట్‌ప్లగ్ నిర్దేశం ప్రకారం స్లాటు విద్యుత్తు సాఫ్ట్‌వేర్ అదుపులో ఉంటుంది. తరువాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ సంప్రదాయంలో స్లాటు దగ్గర ఒక బొత్తాం ఉండవచ్చు. దాన్ని నొక్కితే దీపం మినుకుమినుకుమంటుంది. 5 సెకండ్లలోపు మళ్లీ నొక్కితే కోరిక రద్దవుతుంది. లేకుంటే కెర్నెల్ డ్రైవర్‌ను విడిపించి, విద్యుత్తు తీసివేస్తుంది. దీపం ఆరిన తరువాతనే కార్డును తీయాలి. ల్యాప్‌టాప్ గాడి కెర్నెల్‌కు జరిగిన సంగతిని తెలిపితే, సర్వర్ స్లాటు జరగబోయేదానికి అనుమతి కోరుతుంది. డ్రైవర్ చేయవలసిన పని రెండింటిలోనూ ఒకటే. కెర్నెల్‌కు దొరికే వ్యవధిలోనే తేడా.

వనరుల కేటాయింపులోనూ ముందుచూపు అవసరమైంది. పీసీఐ వ్యవస్థలో ఒక వంతెన వెనుక ఉన్న పరికరాలన్నీ ఆ వంతెనకు ఇచ్చిన చిరునామాల పరిధిలోనే ఇమడాలి. బూట్ సమయంలో స్లాటు ఖాళీగా ఉందని ఏమీ కేటాయించకపోతే, తరువాత వచ్చే కార్డుకు చోటు ఉండదు. అందుకే లినక్స్ ఖాళీ కార్డ్‌బస్ గాడి కోసం కూడా 64 మెగాబైట్ల మెమరీ చిరునామాలను, హాట్‌ప్లగ్ వంతెన కోసం 2 మెగాబైట్లను ముందే ప్రత్యేకించే పద్ధతి అనుసరించింది. ఈ పరిమాణాలను బూట్ ఆదేశంతో మార్చుకోవచ్చు. లేని పరికరానికి చోటు ఉంచడం స్థిరయంత్ర భావనలో ఊహించడానికి వీలులేని పని.

7. హాట్‌ప్లగ్ ఎంపిక: ఉదయం, అస్తమయం

2001 జనవరిలో విడుదలైన లినక్స్ 2.4 కార్డుల మద్దతును కెర్నెల్‌లోకే తీసుకువచ్చింది. దాని కూర్పు పట్టికలో సాధారణ అమరికల విభాగంలోనే ‘నడుస్తుండగా చేర్చే పరికరాలకు మద్దతు’ అన్న ఎంపిక కనిపిస్తుంది. ఈ స్థానం గమనార్హం. ఒక ప్రత్యేక పరికరానికి చెందిన ప్రశ్నగా దీన్ని ఎక్కడో లోపల ఉంచలేదు. కెర్నెల్ మొత్తానికి సంబంధించిన వైఖరిగా ముందుంచారు. ఎంపికతోపాటు ఉన్న సహాయ పాఠ్యం సుపరిచిత ఉదాహరణగా పేర్కొన్నది పీసీ కార్డునే.

ఈ ఎంపికకు ‘అవును’ అంటే, పరికరం వచ్చినప్పుడు కెర్నెల్ తన వెలుపలి ‘హాట్‌ప్లగ్’ అనే ప్రోగ్రాంను పిలిచి, ఏ పరికరం వచ్చిందో, ఏది పోయిందో తెలుపుతుంది. ఏ మాడ్యూల్ చేర్చాలో, ఏ స్క్రిప్టు నడపాలో నిర్ణయించేది ఆ ప్రోగ్రాం. ఇదే కాలంలో పీసీఐ డ్రైవర్లు రాసే పద్ధతి మారింది. పాత పద్ధతిలో డ్రైవర్ బూట్ సమయంలో పరికరాల జాబితాను తానే గాలించేది. కొత్త పద్ధతిలో డ్రైవర్ తనకు తగిన పరికరాల పట్టికను కెర్నెల్‌కు అప్పగించి, పరీక్షించే క్రియను, తొలగించే క్రియను నమోదు చేసి ఊరుకుంటుంది. పరికరం వచ్చినప్పుడు, పోయినప్పుడు కెర్నెలే దాన్ని పిలుస్తుంది. వెతికే డ్రైవర్ ఎదురుచూసే డ్రైవర్‌గా మారింది. ఫ్రీబీఎస్‌డీ న్యూబస్ ద్వారా చేరిన చోటికే లినక్స్ మరో దారిలో చేరింది.

‘కాదు’ అంటే కలిగే ప్రయోజనం కూడా గమనించాలి. బూట్ సమయంలో మాత్రమే అవసరమయ్యే కోడ్‌ను పని పూర్తయ్యాక మెమరీ నుంచి తొలగించడం లినక్స్ అలవాటు. పరికరాలను గుర్తించే కోడ్‌కు ప్రత్యేక గుర్తు పెట్టేవారు. హాట్‌ప్లగ్ వద్దన్న కెర్నెల్‌లో ఆ కోడ్ బూట్ తరువాత తొలగిపోతుంది. కావాలన్న కెర్నెల్‌లో అది చివరివరకు ఉంటుంది. మరోమాటలో చెప్పాలంటే, పరికరాన్ని గుర్తించే విద్యను కెర్నెల్ మరిచిపోవచ్చునా, లేదా అన్నదే ఆ ఎంపిక అడిగిన అసలు ప్రశ్న.

2003 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6 పరికరాలన్నింటినీ ఒకే నమూనాలో చూపే ‘సిస్‌ఎఫ్‌ఎస్’ను ప్రవేశపెట్టింది. గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ప్రారంభించిన ‘యూడెవ్’ ఆ నమూనాపై ఆధారపడి పరికరాలకు పేర్లు పెట్టే పని చేపట్టింది. 2005 ఆగస్టు నాటి 2.6.13లో 16 బిట్ల పీసీ కార్డులు కూడా ఈ సాధారణ ఏర్పాటులోకి వచ్చాయి. కార్డ్ మేనేజర్ అవసరం తీరింది. డొమినిక్ బ్రొడోవ్‌స్కీ రూపొందించిన చిన్న పరికరాల సమాహారం దాని స్థానంలో వచ్చింది. పీసీ కార్డు కోసం ప్రత్యేకంగా పుట్టిన పద్ధతి, అన్ని పరికరాలకూ వర్తించే పద్ధతిలో లీనమైంది.

ఈ లోగా హాట్‌ప్లగ్ ఎంపిక సాధారణ వినియోగదారు దృష్టి నుంచి తప్పుకున్నది. 2.6 శ్రేణిలో దీన్ని ‘కాదు’ అనడానికి చిన్న యంత్రాలు నిర్మించే నిపుణుల కోసం ఉద్దేశించిన మరో ఎంపికను ముందు తెరవాలి. మిగిలినవారికి సమాధానం ముందే ‘అవును’. యూఎస్‌బీ పరికరాలు లేని యంత్రం అరుదైన కాలంలో ‘కాదు’ అనేవారు తగ్గిపోయారు. కోడ్‌కు పెట్టిన గుర్తులు తప్పుగా పడటం వల్ల, తొలగిపోయిన కోడ్‌ను పిలిచే దోషాలు మాత్రం తరచుగా తలెత్తేవి. ఆదా అయ్యే మెమరీ స్వల్పం. చివరకు 2012 చివరలో ఈ ఎంపికను ఎల్లప్పుడూ ‘అవును’గా స్థిరపరిచారు. 2013 ఫిబ్రవరిలో విడుదలైన 3.8 నాటికి ఆ గుర్తులను కెర్నెల్ అంతటా విస్తృతంగా తొలగించారు. తరువాత ఎంపిక పేరు కూడా పోయింది.

8. ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు మూడు. మొదటిది, కూర్పు ఫైలు చెప్పే విషయమే మారింది. 1975లో అది యంత్రంలో ఏమి ఉందో చెప్పింది. 1981లో ఏమి ఉండవచ్చునో చెప్పింది. 2000 తరువాత ఏది ఎప్పుడు వచ్చినా దేనికి సిద్ధంగా ఉండాలో చెబుతోంది. రెండవది, లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వేర్వేరు మార్గాల్లో నడిచినా ఒకే పని విభజనకు చేరాయి. పరికరాన్ని గుర్తించే జ్ఞానం డ్రైవర్‌లో, దానితో ఏమి చేయాలన్న విధానం కెర్నెల్ వెలుపల నిలిచాయి. మూడవది, మార్పుకు నిజమైన గీటురాయి కార్డును పెట్టడం కాదు, తీయడం. వదిలించుకునే క్రియ డ్రైవర్ నిర్మాణంలో చేరిన తరువాతనే స్థిరయంత్ర భావన సడలింది.

పీసీ కార్డు స్థానంలో 2003లో ఎక్స్‌ప్రెస్‌కార్డు వచ్చింది. తరువాత యూఎస్‌బీ, థండర్‌బోల్ట్ ఆ అవసరాన్ని తీర్చాయి. ఆ చిన్న గాడి కొత్త ల్యాప్‌టాప్‌లలో కనిపించడం మానింది. అది కెర్నెళ్లకు నేర్పిన పాఠం మాత్రం ప్రతి డ్రైవర్‌లోనూ తొలగింపు క్రియ రూపంలో నిలిచి ఉంది.

పరిశోధన పద్ధతికి సంబంధించిన ఒక హెచ్చరిక కూడా ఇందులో ఉంది. ఒక భావన పూర్తిగా గెలిచినప్పుడు దాని గురించిన ప్రశ్న కూర్పు పట్టిక నుంచి తొలగిపోతుంది. నేటి కెర్నెల్‌ను మాత్రమే చదివేవారికి, యంత్రం మారవచ్చునా అని ఒకప్పుడు అడిగి తెలుసుకునేవారన్న సంగతి తెలిసే అవకాశం లేదు. ఆ ప్రశ్న ఉనికికి సాక్ష్యం పాత విడుదలల్లో, వినియోగదారులు తమ యంత్రాల కోసం రాసుకొని దాచిన కూర్పు ఫైళ్లలో మాత్రమే ఉంది. ప్రధాన మూలపాఠానికి భద్రమైన భాండాగారాలున్నాయి. వ్యక్తులు రాసుకున్న కూర్పు ఫైళ్లకు అటువంటి రక్షణ తక్కువ. ఏ యంత్రంపై ఎవరు ఏ సమాధానం ఎంచుకున్నారో తెలిపే ఆధారాలు అవే కాబట్టి, వాటిని సేకరించి భద్రపరచడం సాఫ్ట్‌వేర్ చరిత్ర రచనకు తక్షణ అవసరం.